హోఒపోనోపోనో చేయడం ఎలా: నాలుగు మాటలు, వాటికి ముందు చేయాల్సిన అసలు పని

యూట్యూబ్‌లో హోఒపోనోపోనో అని తెలుగులో కొట్టి చూడండి. రాత్రి పడుకునే ముందు నాలుగు మాటలు 108 సార్లు అనుకుంటే అప్పులు తీరిపోతాయని, వదిలేసి వెళ్లిన మనిషి తిరిగొస్తాడని, ఆగిపోయిన ప్రమోషన్ వచ్చేస్తుందని చెప్పే వీడియోలు వరుసగా వస్తాయి. ఐ యామ్ సారీ, ప్లీజ్ ఫర్గివ్ మీ, థాంక్యూ, ఐ లవ్ యూ. అంతే, అయిపోయింది. వినడానికి బాగుంది, చేయడానికి ఇంకా బాగుంది, ఎందుకంటే ఎవరి ముఖమూ చూడక్కర్లేదు, ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వక్కర్లేదు. కానీ గొడవల్ని సరిచేసుకుని ఒకరినొకరు క్షమించుకునే ఈ పద్ధతి పుట్టిన హవాయి దీవుల్లో సరిగ్గా ఆ రెండు పనులే దీనికి ప్రాణం.

ఒంటరిగా చేసుకునే పద్ధతి, ఇంట్లో అందరూ కూర్చుని చేసే పద్ధతి, రెండూ చెప్తాను. ముందు కాస్త చరిత్ర. అది తెలియకపోతే ఈ మెట్లు ఈ వరుసలోనే ఎందుకు ఉన్నాయో అర్థం కాదు.

ఎక్కడి నుంచి వచ్చింది

పాత హవాయిలో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఎంతకీ తగ్గకపోతే మందుతో పాటు ఇంకో ప్రశ్న కూడా వేసేవాళ్లు: ఈ ఇంట్లో ఎవరి మధ్య ఏం చెడింది? మనసులో పెట్టుకున్న కోపం, దాచిన తప్పు, కపు అనే నిషేధాన్ని దాటడం, ఇవన్నీ చివరికి మనిషి ఒంటిని కూడా పట్టుకుంటాయని వాళ్ల నమ్మకం. అప్పుడు కుటుంబం మొత్తం ఒకచోట కూర్చుని, ప్రార్థన చేసి, జరిగింది జరిగినట్టు చెప్పుకుని, తప్పు ఒప్పుకుని, క్షమించుకుని లేచేవాళ్లు. 1820లో క్రైస్తవ మిషనరీలు వచ్చాక పాత దేవతల చోట ఏసు ప్రార్థన వచ్చింది, చాలా ఇళ్లలో పద్ధతే మరుగున పడింది. పెద్ద దీవిలోని కఊ ప్రాంతంలో 1895లో పుట్టిన మేరీ కవేనా పుకుయి, తన కుటుంబంలో చూసిందాన్ని దశలవారీగా చెప్పి రాయించింది. హొనొలులులో రాణి లిలియుఒకలాని పేరు మీద నడిచే పిల్లల సంస్థ దాన్ని 1972లో అచ్చు వేసింది. సామాజిక కార్యకర్తలు, కౌన్సెలర్లు ఈ పద్ధతిని మళ్లీ చేతిలోకి తీసుకోవడానికి ఆ పుస్తకమే పెద్ద ఆధారం.

ఒంటరిగా చేసుకునే రూపం వేరే దారిలో వచ్చింది. మోర్నా సిమియోనా (1913-1992) అనే సంప్రదాయ వైద్యురాలు, కుటుంబం దూరమైపోయినవాళ్లు, అవతలి మనిషి కూర్చోవడానికి ఒప్పుకోనివాళ్లు ఏం చేయాలి అన్న ప్రశ్నకి జవాబుగా దీన్ని మార్చింది. క్రైస్తవ చదువుతో పాటు భారతీయ, చైనా తత్వాల ప్రభావం కూడా ఆమె మీద ఉంది, కర్మ అనే మాటకి దగ్గరగా వచ్చే ఆలోచన ఆమె బోధనలో కనిపిస్తుంది. మనవాళ్లకి ఇది అంత పరాయిదిగా అనిపించకపోవడానికి అదీ ఒక కారణమేమో. 1983లో హోంపా హోంగ్వాంజీ అనే బౌద్ధ సంస్థ ఆమెని హవాయి సజీవ నిధిగా గౌరవించింది. ఆమె నేర్పింది దశలున్న పొడవాటి ప్రక్రియ. నాలుగు మాటల రూపం ప్రపంచమంతా పాకింది మాత్రం, ఆమె దగ్గర నేర్చుకున్న ఇహలేకలా హ్యూ లెన్, అమెరికన్ రచయిత జో విటాలి కలిసి 2007లో తెచ్చిన పుస్తకం తర్వాతే. హ్యూ లెన్ ఒక మానసిక ఆసుపత్రిలో రోగుల్ని కలవకుండానే ఫైళ్లు చూస్తూ తనని తాను శుద్ధి చేసుకుంటే వాళ్లకి నయమైపోయింది అనే కథ మీరు వినే ఉంటారు. దాన్ని కథగానే వినండి, దాని మీద ఆధారపడి మందులు మానేయకండి.

ఒంటరిగా చేసే పద్ధతి

మొదట, ఒక్క మనిషినీ ఒక్క సంఘటననీ ఎంచుకోండి. "మా నాన్న మీద నాకు చిన్నప్పటి నుంచీ కోపమే" అన్నది మొదలుపెట్టడానికి పనికిరాదు, అంత బరువు ఒకేసారి ఎత్తలేరు. "ఇంటర్ అయ్యాక నన్ను హైదరాబాద్ పంపనన్నాడు, తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి పంపాడు" అన్నది పనికొస్తుంది, ఎందుకంటే అందులో ఒక రోజు ఉంది, ఒక మాట ఉంది. మొదటిసారి చేస్తున్నప్పుడు మీ జీవితంలోకెల్లా పెద్ద గాయం జోలికి పోకండి. ఆఫీసులో పడని సహోద్యోగి, పెళ్లిలో పలకరించకుండా వెళ్లిపోయిన పిన్ని, ఆ స్థాయిది చాలు.

చోటు, సమయం పెద్ద విషయం కాదు. ఇరవై నిమిషాలు, ఒక కాగితం, పెన్ను, ఫోన్ పక్క గదిలో. హవాయి పద్ధతిలో ఏ మాటకైనా ముందు ప్రార్థన ఉంటుంది, మీకు ఏ దేవుడు అలవాటైతే ఆ దేవుడికి దండం పెట్టుకోండి. దేవుడి మీద నమ్మకం లేకపోతే "ఇప్పుడు నేను నిజమే రాస్తాను, నాకు ఇబ్బందిగా ఉన్నా సరే" అని పైకి అనుకుని మొదలుపెట్టండి. ఈ నిజం మాట వాళ్ల దగ్గర చాలా గట్టిది. మర్యాద కోసం సగం దాచి చెప్పిన మాటతో కూర్చుంటే అసలు కూర్చోనట్టే లెక్క.

ఇప్పుడు అసలు పని. హవాయి వాళ్లు గొడవని రెండుగా విడదీస్తారు. హలా అంటే జరిగిన తప్పు. హిహియా అంటే ఆ తప్పు చుట్టూ అందరికీ చుట్టుకున్న చిక్కు. నన్నడిగితే ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికన్నా విలువైనది ఈ విడదీతే, వీడియోల్లో మాత్రం కనిపించదు. ఒక ఉదాహరణ చూడండి. మీరు అన్నయ్యకి యాభై వేలు చేబదులు ఇచ్చారు, ఏడాదిలో ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. హలా అంతే, ఒక్క వాక్యం. ఇక హిహియా చూస్తే: మీరు అడగడానికి మొహమాటపడి ఆ విషయం అమ్మకి చెప్పారు, అమ్మ వదినతో అంది, వదిన "చెల్లెలికి మా మీద నమ్మకం లేదు" అని బాధపడింది, దసరాకి వాళ్లు రాలేదు, వాళ్లు రాలేదని మీరు వాళ్ల అబ్బాయి పంచెల ఫంక్షన్‌కి వెళ్లలేదు, ఇప్పుడు పిల్లలకి కూడా మాటల్లేవు. యాభై వేలు ఎక్కడో అడుగున ఉంది. మీకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వనిది ఆ డబ్బు కాదు, పైన పేరుకున్నది.

కాబట్టి కాగితం మీద గీత గీసి ఎడమ పక్క హలా రాయండి, ఒకటి రెండు వాక్యాలు దాటకూడదు. కుడి పక్క హిహియా, గుర్తొచ్చినంతా రాయండి, ఎవరు ఎవరితో ఏమన్నారో, మీరు ఏం ఊహించుకున్నారో కూడా. ఊహించుకున్నవాటి పక్కన చిన్న గుర్తు పెట్టండి. ఆ గుర్తులు ఎన్ని వస్తాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

తర్వాత కుడి పక్క జాబితాలో మీ చేతుల మీదుగా జరిగినవాటి కింద గీత గీయండి. ఇక్కడ ఒక మాట. ఒంటరి పద్ధతిని ప్రచారం చేసేవాళ్లు "మీ జీవితంలో జరిగే ప్రతిదానికీ నూరు శాతం బాధ్యత మీదే" అంటారు. నేను ఒప్పుకోను. తాగొచ్చి కొట్టిన మొగుడి దెబ్బకి పెళ్లాం బాధ్యత ఎలా అవుతుంది? మీ వాటా మీది, అవతలివాళ్ల వాటా వాళ్లది, ఈ కాగితం మీద రెండూ విడివిడిగా కనబడాలి. పై ఉదాహరణలో అప్పు ఎగ్గొట్టడం అన్నయ్య వాటా. సూటిగా అడగకుండా అమ్మ ద్వారా కబురు పంపడం, ఫంక్షన్‌కి వెళ్లకపోవడం మీ వాటా.

ఇదంతా అయ్యాకే నాలుగు మాటలు. ఒక్కో మాటా కాగితం మీద ఉన్న ఒక్కో విషయానికి తగలాలి, గాల్లో తిరగకూడదు. కళ్లు మూసుకుని ఆ మనిషిని ఎదురుగా ఊహించుకుని, వినబడేలా, పేరో వరసో పెట్టి పిలిచి చెప్పండి.

"అన్నయ్యా, నేరుగా నిన్ను అడగకుండా అమ్మతో చెప్పాను, నాది తప్పే." ఇది మొదటిది. ఏ తప్పో చెప్పకుండా ఊరికే సారీ అంటే లెక్కలోకి రాదు.

"నన్ను క్షమించు." రెండోది. దీని తర్వాత కాసేపు ఆగండి. చాలామందికి ఇక్కడే గొంతు పట్టేస్తుంది, లేదా కోపం ఎగదన్నుతుంది, "నేనెందుకు అడగాలి, వాడు అడగాలి గానీ" అని. కోపం వస్తే బలవంతంగా ముందుకు పోకండి. హవాయి పద్ధతిలో దీనికి హోఒమలు అనే ఏర్పాటు ఉంది, వేడి పెరిగితే అందరూ నోరు మూసుకుని కూర్చోవడం. మీరూ అంతే, మాటలు ఆపి ఊపిరి చూసుకుంటూ ఉండండి. పది నిమిషాలైనా తగ్గకపోతే ఆ రోజుకి కాగితం మడిచి పెట్టేయండి, మర్నాడు చూసుకోవచ్చు.

మూడోది కృతజ్ఞత. ఎక్కువమంది తేలిగ్గా దాటేసేది కూడా ఇదే, "థాంక్యూ యూనివర్స్" అనేసి. అలా కాదు, ఆ మనిషే మీకు చేసిన మంచి ఒకటి వెతకండి, తారీఖు చెప్పగలిగినంత కచ్చితంగా. "నా డిగ్రీ పరీక్షలప్పుడు నెల రోజులు పొద్దున్నే బండి మీద దింపావు అన్నయ్యా." అలాంటిది ఒక్కటి దొరికితే చాలు, ఎదురుగా ఉన్న మనిషి అప్పు ఎగ్గొట్టినవాడిగా మాత్రమే కనబడటం ఆగిపోతుంది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదా? లేనిది కల్పించకండి. ఆ కష్టంలో మీ పక్కన నిలబడిన వేరే ఎవరికైనా చెప్పండి.

నాలుగోది ప్రేమ. అన్నయ్యకి ఐ లవ్ యూ చెప్పే అలవాటు మనలో ఎన్ని ఇళ్లలో ఉంది చెప్పండి. నోటికి రాని మాట అంటే మనసూ నమ్మదు. "నువ్వు చల్లగా ఉండాలి" అనండి, "నువ్వు నాకు కావాలి" అనండి, అదీ రాకపోతే "నీకు చెడు జరగాలని కోరుకోను" అనండి. ఆ రోజుకి నిజమైనది ఏదైతే అది.

ఆఖరున వదలడం. దీన్ని కలా అంటారు, దాని వెంటే ఒకి, అంటే తెంచేయడం. కుడి పక్క రాసిన చిక్కంతా చదువుకుంటూ ఒక్కో వాక్యం కొట్టేయండి, ఆ సగం కాగితం చింపండి లేదా కాల్చండి, మీ ఇష్టం. ఎడమ పక్క రాసిన హలా మాత్రం ఉంచుకోండి. చిక్కు వదిలేయడం వేరు, యాభై వేలు వదిలేయడం వేరు. డబ్బు అడగాలనుకుంటే ఇప్పుడు అడగండి, నేరుగా, మామూలు గొంతుతో. నిజానికి ఇప్పుడే అడగగలుగుతారు.

అలాగే మీ వాటాలో సరిదిద్దగలిగింది ఉంటే వారం లోపు చేసేయండి. ఫోన్ చేయడమో, తీసుకున్న వస్తువు తిరిగి ఇవ్వడమో, నలుగురిలో అన్న మాటని ఆ నలుగురి దగ్గరే వెనక్కి తీసుకోవడమో. హవాయి కుటుంబాల్లో పశ్చాత్తాపం అంటే నష్టాన్ని పూడ్చడం కూడా, కోళ్లు దొంగిలించినవాడు కన్నీళ్లు పెట్టుకుంటే సరిపోదు, కోళ్లు తెచ్చివ్వాలి.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే అదే కోపం మళ్లీ వస్తుంది. వస్తే చేసింది పోయిందని అనుకోకండి, నాలుగు మాటలు రోజూ అనుకునే అలవాటు పనికొచ్చేది అప్పుడే. కాగితం పని ఒకసారి అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఆ నాలుగు మాటల వెనక సరుకు ఉంది. బస్సులో, వంట చేస్తూ, మనసులో అనుకుంటే చాలు. లెక్కపెట్టుకోవాల్సిన పని లేదు.

చనిపోయినవాళ్ల విషయంలో

ఒంటరి పద్ధతి బాగా పనికొచ్చే చోటు ఇదేనని నా అభిప్రాయం. ఆఖరి రోజుల్లో ఆసుపత్రికి వెళ్లలేకపోయినవాళ్లు, అమెరికాలో వీసా టెన్షన్‌తో ఉండిపోయి వీడియో కాల్‌లో దహనం చూసినవాళ్లు, మాట్లాడకుండానే తండ్రి పోయిన కొడుకులు, వీళ్లకి కూర్చుని మాట్లాడుకునే దారి ఇక లేదు. మెట్లు అవే, కాకపోతే రెండు మార్పులు చేయండి. కాగితం బదులు ఉత్తరం రాయండి, ఆ మనిషిని పిలిచే పిలుపుతోనే మొదలుపెట్టి. ఆ తర్వాత వాళ్ల వైపు నుంచి జవాబు కూడా మీరే రాయండి, వాళ్లు మాట్లాడే తీరులోనే, వాళ్లు తిట్టే మనిషైతే తిడుతున్నట్టే. జవాబు రాసేటప్పుడు తీపి మాటలు మాత్రమే పెడితే అది మీరు రాసిందని మీకే తెలిసిపోతుంది. సరిదిద్దడం ఎలా అంటారా? వాళ్లకి ఇవ్వాల్సింది వాళ్లు చూసుకున్నవాళ్లకి ఇవ్వండి.

ఇంట్లో అందరూ కూర్చుని చేయాలంటే

ఒకే షరతుతో మొదలవుతుంది: నడిపే మనిషి. వాళ్లు హకు అంటారు. గొడవలో తన పక్షం లేని పెద్ద, లేదా అందరూ గౌరవించే బయటి మనిషి. మన ఊళ్లలో పంచాయితీ పెద్దమనిషి గుర్తొస్తాడు గానీ, పెద్దమనిషి చివర్లో తీర్పు చెప్తాడు, హకు చెప్పడు. అలాంటి మనిషి దొరక్కపోతే ఈ పద్ధతి జోలికి వెళ్లొద్దు, ఒంటరిగా చేసుకోండి. మేనమామ ఉన్నాడు కదా అనుకుంటారు, ఆయనకి మీ అమ్మ వాటా పొలంలో ఆశ ఉంటే ఆయన పనికిరాడు.

కూర్చునే ముందే అందరి దగ్గరా మూడు ఒప్పుకోళ్లు తీసుకోవాలి. నిజమే చెప్తాం, ఇక్కడి మాట గడప దాటదు, తప్పు ఒప్పుకున్నవాళ్లని క్షమిస్తాం. మూడోది ముందే ఒప్పుకోవడం కష్టం, కానీ అది లేకపోతే ఎవరూ నోరు విప్పరు. ఒప్పుకోనివాళ్లని బలవంతంగా లాక్కొచ్చి కూర్చోబెట్టకండి.

ప్రార్థన అయ్యాక హకు సమస్య ఏమిటో ఒకటి రెండు మాటల్లో చెప్తాడు. అక్కడి నుంచి నియమం ఒకటే, మాట్లాడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, అందరూ హకుతోనే మాట్లాడతారు. "నువ్వు అప్పుడు అలా అన్నావు" అనే వాక్యానికే చోటు ఉండదు, "ఆ రోజు వాడి మాటకి నాకు ఇలా అనిపించింది" అని హకుకి చెప్పుకోవాలి. వినడానికి చాదస్తంలా ఉంటుంది గానీ సగం అరుపులు దీంతోనే ఆగిపోతాయి. ఒక విషయం తేలాకే ఇంకోటి. ఈ పొరపొరగా ఒలిచే దశని మహికి అంటారు, అప్పు విషయం మాట్లాడుతుంటే పెళ్లిలో పెట్టిపోతల సంగతి లేస్తే హకు దాన్ని రాసిపెట్టుకుని తర్వాతకి నెట్టాలి. గొంతులు పెరిగితే హోఒమలు, అందరూ మౌనం. ఒక్కరోజులో తేలకపోతే మర్నాడు కూర్చుంటారు, ఆ మధ్యలో ఎవరూ ఎవరితోనూ ఆ విషయం ఎత్తరు.

తప్పు చేసినవాళ్లు ఒప్పుకుని క్షమించమని అడుగుతారు, నష్టం ఎలా పూడుస్తారో, ఎప్పటిలోగా పూడుస్తారో అక్కడే తేల్చుకుంటారు. అవతలివాళ్లు క్షమించామని నోటితో చెప్పాలి, తలూపితే చాలదు. అప్పుడు ఇద్దరూ వదిలేస్తారు. తెంచేశాక ఆ విషయాన్ని మళ్లీ ఏ గొడవలోనూ ఆయుధంగా వాడకూడదు, ఎంత కోపమొచ్చినా. ప్రార్థనతో ముగించి కలిసి భోంచేస్తారు. హవాయిలో కొన్నిచోట్ల లిము కలా అనే సముద్రపు నాచు తింటారు, పేరులోనే వదిలేయడం ఉంది కాబట్టి. మనకి పప్పన్నమైనా చాలు, కాకపోతే వండే పని ముందే అయిపోయి ఉండాలి, లేకపోతే ఆడవాళ్లు కీలకమైన మాట దగ్గర వంటింట్లో ఉంటారు.

మనుషులు తలో దేశంలో ఉంటే వీడియో కాల్‌లో చేయొచ్చు, అందరి కెమెరాలూ ఆన్‌లో ఉండాలి, రికార్డింగ్ వద్దు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎప్పుడూ వద్దు. అక్కడ మౌనం కూడా అవమానంలా కనబడుతుంది, రాసిన మాట స్క్రీన్‌షాట్ అవుతుంది.

ఇది పనికిరాని చోట్లు

కొట్టేవాళ్లతో, లైంగికంగా వేధించినవాళ్లతో ఒకే గదిలో కూర్చోబెట్టే పద్ధతి ఇది కాదు. ఇంట్లో హింస ఉంటే ముందు భద్రత, మహిళలకి 181 హెల్ప్‌లైన్ ఉంది. "మీరే తప్పయిందని అనుకోండి, అతనే మారతాడు" అని ఎవరైనా గురువు సలహా ఇస్తే ఆ వీడియో అక్కడే ఆపేయండి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు తమ వాటా రాసే మెట్టు ఒంటరిగా చేయడం మంచిది కాదు, ఆ జబ్బు లేని తప్పుల్ని కూడా మీద వేసుకునేలా చేస్తుంది. నిద్ర, తిండి పాడై, బతకాలని లేదనే దాకా వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఏం ఆశించాలి, ఎంత ఖర్చు పెట్టాలి

సిమియోనా పద్ధతి నేర్పితే బీపీ తగ్గుతుందా అని చూసిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది, కొంత తగ్గిందనే చెప్పారు, కానీ అందులో ఉన్నది 23 మంది, పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. కాబట్టి బీపీ మాత్ర వేసుకుంటూనే ఇది చేయండి. డబ్బు వస్తుందా అంటే రాదు, ఇచ్చిన అప్పు అడిగే ధైర్యం వస్తే అది వేరే సంగతి. మామూలుగా మొదట కనబడే మార్పు చిన్నది: ఆ మనిషి పేరు వినబడగానే కడుపులో బిగుసుకునేది కాస్త సడలుతుంది, పెళ్లిలో ఎదురుపడితే తల తిప్పుకోకుండా "బాగున్నారా" అనగలుగుతారు. అవతలివాళ్లు మారకపోవచ్చు.

నాలుగు మాటలు నేర్పడానికి వేలల్లో ఫీజు అడిగే వర్క్‌షాప్‌లకి కట్టక్కర్లేదు, పైన చెప్పినదానికి కాగితం, పెన్ను చాలు. కుటుంబ గొడవ మరీ ముదిరి నడిపే మనిషి దొరకకపోతే ఆ డబ్బేదో శిక్షణ ఉన్న ఫ్యామిలీ కౌన్సెలర్‌కి ఇవ్వండి. ఇంకొకటి, మీ ఇంట్లో రెండు మూడు సార్లు బాగా జరిగింది కదా అని హకు అని పేరు తగిలించుకుని ఊళ్లోవాళ్లకి సెషన్లు పెట్టకండి. హవాయిలో ఆ పని పెద్దల దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకున్నవాళ్లు చేస్తారు, తమ పద్ధతిని బయటివాళ్లు ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారన్న బాధ అక్కడివాళ్లలో చాలామందికి ఇప్పటికే ఉంది.